సైలాబు వచ్చిందా?

మాది గోదావరి గట్టు కింద ఊరు. నీళ్ళకి మాకు పేర్లు కరువా? తొలకరికి మొదట దిగేది ఎర్రనీరు. ఏరు నిండి గట్టుని ఒరుసుకుంటూ పోతే వరద. చేలల్లో నిలబడిపోతే ముంపు. సముద్రం లేచి మీద పడితే ఉప్పెన. ఇన్ని మాటలుండగా, ఎవరికీ అక్కర్లేని మాట ఒకటి ఎక్కడినుంచో వచ్చి నా కొంప ముంచింది. ఆ మాట సైలాబు.

ఇప్పుడంటే దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ నాకు తెలుసు. ఉర్దూలో వరద నీటిని సైలాబు అంటారు. సైల్ అంటే ప్రవాహం, ఆబ్ అంటే నీరు. పంజాబు పేరులో ఉన్న ఆబ్ కూడా ఇదే. హైదరాబాదులో మూసీ పొంగినా సైలాబే, బజారు నీట మునిగినా సైలాబే. తుఫాను, పంచనామా, జమాబందీ, తాసీల్దారు, ఇవన్నీ ఆ దారినే వచ్చి మా నోళ్ళలో తెలుగు మాటలైపోయాయి. ఇదొక్కటి మాత్రం మా గోదారి దాటి రాలేదు. దాటిన ఒక్కసారీ తిన్నగా నా నెత్తినే పడింది.

ఎనభై ఆరులో గట్లు తెగిన వరద సంగతి ఇది. అప్పటికి నాకు పెళ్ళయి మూడేళ్ళు, ఒళ్ళో ఏడాదిన్నర పిల్ల. మా ఆయన ఊరి బళ్ళో మాస్టారు. మా అత్తగారికి కంటి ఆపరేషనని ఆయన ఆవిణ్ణి తీసుకుని అమలాపురం వెళ్ళారు. వెళ్ళే ముందు మా అత్తగారు దూదేకుల సాయిబుకి కబురు పెట్టారు. కన్ను కోయించుకుని వచ్చాక మెత్తటి తలగడ కావాలట. పెరట్లో బూరుగు చెట్టు దూది ఒక బస్తాడు ఉంది. అది ఏకి, తలగడలు కుట్టి, పాత పరుపు కూడా విప్పి మళ్ళీ కుట్టాలి. ఆ సాయిబు రాజోలు అవతల నుంచి ఏటేటా వచ్చి మా వీధిలో పరుపులన్నీ కుట్టి వెళ్ళేవాడు. నలభై దాటిన మనిషి, మాట తక్కువ.

గోదారి బాగా పెరిగిందని అప్పటికే చెప్పుకుంటున్నారు. ఊళ్ళో మగాళ్ళంతా గట్టు మీద ఇసక బస్తాలు వేస్తున్నారు. గట్టు ఆగుతుందిలే అని అందరికీ ధీమా. సాయిబు పొద్దున్నే వచ్చి వీధి అరుగు మీద విల్లు కట్టుకుని దూది ఏకుతున్నాడు. నేను వంటింట్లో ఉన్నాను. ఉన్నట్టుండి ఆ విల్లు చప్పుడు ఆగిపోయింది. ఏమైందా అని బయటికొస్తే, ఎదురింటి వాళ్ళ గడ్డివాము మా వాకిట్లోకి నడిచి వస్తోంది. గండి పడిందని ఎవరో దూరం నుంచి కేకలు పెడుతున్నారు.

నేను ఆ గడ్డివామునే చూస్తున్నాను. సాయిబే లోపలికొచ్చి, ఉయ్యాల్లోంచి పిల్లని తీసి భుజాన వేసుకుని అటక నిచ్చెన ఎక్కాడు. నేను అన్నం గిన్నె పట్టుకుని వెనకాల ఎక్కాను. అతను మళ్ళీ దిగాడు. అప్పటికి నీళ్ళు అతని మొలకొచ్చాయి. విల్లు తెచ్చుకోండి సాయిబుగారూ అని పైనుంచి అరిచాను. అతను విల్లు ఉన్న వైపు చూశాడు, దూది బస్తా చూశాడు. బస్తా నెత్తిన పెట్టుకుని పైకి వచ్చాడు. పిల్లకి చలేస్తుందండీ అన్నాడు, అంతే.

రెండు రోజులు ఆ అటక మీద ఉన్నాం. ఒక మూల ఎండుకొబ్బరికి దాచిన కురిడీ కాయలు, ఒక మూల మేము, ఇంకో మూల అతను. అతను మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. రెండు పెంకులు తీసి, ఆ కంతలోంచి గిన్నెతో వాన నీళ్ళు పట్టాడు. కురిడీ కాయలు దూలానికేసి కొట్టి, ముక్కలు వెనక్కి చెయ్యి చాచి ఇచ్చేవాడు, తల తిప్పేవాడు కాదు. పిల్లకి చెవిపోటు పట్టుకుంది. చెవి లాక్కుని ఒకటే ఏడుపు. అతను దూది ఉండ చేసి, అరచేతుల్లో పెట్టుకుని నోటి ఆవిరి పట్టి, అది వెచ్చబడ్డాక నాకు అందించేవాడు. చల్లారితే మళ్ళీ పట్టేవాడు. పిల్ల నిద్రపోయేదాకా అదే పని. నా తోడబుట్టిన వాళ్ళయినా అంత ఓపిక పట్టేవారు కాదు, విసుక్కునేవారు.

మూడో రోజు పొద్దున్న పడవ మీద మనుషుల మాటలు వినిపించాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. కేకెయ్యబోతుంటే సాయిబు చెయ్యి అడ్డం పెట్టాడు.

"అమ్మగారండీ, నేనిక్కడ లేనండి. వరదకి ముందే మా ఊరెళ్ళిపోయేను. మీరూ అదే చెప్పండి. నేనూ అదే చెప్తాను."

ఎందుకని నేను అడగలేదు. ఎందుకో నాకూ తెలుసు, అదే నా సిగ్గు. ఆ కంత పెద్దది చేసుకుని, పెరటి వైపు కప్పు మీదనుంచి నీళ్ళలోకి జారాడు. మెడలోతు నీళ్ళు, ఇంకా లాగుతూనే ఉన్నాయి. కొబ్బరి చెట్టునీ చెట్టునీ పట్టుకుంటూ పోయాడు. నా పిల్లకి ప్రాణం పోసిన మనిషిని దొంగని సాగనంపినట్టు పెరటి దారిన సాగనంపాను. పడవ వాళ్ళు ఒక్కదానివే ఉన్నావా అమ్మా అని అడిగితే ఆయ్ అన్నాను.

నీళ్ళు తీశాయి. మా ఆయనా అత్తగారూ వచ్చారు, ఆవిడ ఒక కంటికి కట్టుతో. ఒక్కదానివే ఎలా ఉన్నావే తల్లీ అని ఆవిడ నా తల నిమిరి ఏడిస్తే నాకు ఎక్కడ తల పెట్టుకోవాలో తెలియలేదు. ఊళ్ళో కనపడినవాళ్ళందరూ అదే ప్రశ్న. అడిగిన ప్రతిసారీ, వీళ్ళకి ఏదో తెలిసే అడుగుతున్నారని నా అనుమానం. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు తయారైంది నా బతుకు. తప్పు చెయ్యకుండానే దొంగనైపోయాను.

అలాంటి సమయంలో వచ్చాడు ఆ ఆఫీసరు. వరద సాయం రాయడానికి హైదరాబాదు వైపు నుంచి డ్యూటీ మీద వేసినాయన. బళ్ళో బల్ల వేసుకుని కూర్చున్నాడు, పక్కన కాకినాడ గుమాస్తా ఒకాయన. ఊరు ఊరంతా అక్కడే ఉంది. మాస్టారు కాబట్టి మా ఆయన జనాన్ని వరసలో నిలబెడుతున్నారు. మా ఇంటి వంతు వచ్చింది. నీళ్ళొచ్చినప్పుడు ఇంట్లో ఉన్నవాళ్ళే చెప్పాలట. నన్ను ముందుకు పంపారు.

"మీ ఇంట్ల సైలాబ్ వచ్చిందా?" అన్నాడాయన.

నాకు సాయిబు వచ్చిందా అని వినిపించింది. సాయిబైతే వచ్చాడా అనాలి గదమ్మా అని ఇప్పుడు అందరూ నాకు వ్యాకరణం చెబుతారు. హైదరాబాదు తురకం కలిసిన తెలుగులో మగాణ్ణి కూడా వచ్చింది, పోయింది అంటారని మా ఊళ్ళో వేళాకోళం చేసేది వీళ్ళే. నేనూ అదే అనుకున్నాను. పడవ వాళ్ళు అతన్ని నీళ్ళలో చూసేసి ఉంటారు, సర్కారు దాకా పోయింది, ఇక దాచి లాభం లేదు. మా ఆయన వైపు చూశాను. ఆయన చెప్పు, చెప్పు అని తల ఊపారు. ఆయనకీ తెలిసిపోయిందన్నమాట అనుకున్నాను. చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో నేర్చుకున్నది ఒక్కటే, అడిగినప్పుడు ఎరగనని బొంకకూడదు. గుండె రాయి చేసుకున్నాను.

"వచ్చేడండి."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆఫీసరు తల ఎత్తకుండా రాసుకుంటున్నాడు.

"ఎంత దాక వచ్చింది?"

"అటక మీద దాకా అండి."

"ఎన్ని దినాలున్నది?"

"రెండు రోజులండి. మూడో రోజు పొద్దున్నే వెళ్ళిపోయేడండి."

"ఏమన్న ఖరాబ్ చేసిందా?"

ఇక చూడండి నాకు వచ్చిన కోపం. అంతమందిలో, మొగుడి ముందు, అత్తగారి ముందు, ఒక ఆడదాన్ని అడగాల్సిన మాటేనా అది? బల్ల మీద చెయ్యి వేసి చెప్పాను.

"మీరు పెద్ద ఆఫీసరైతే అవ్వచ్చండి, ఆ మాట మాత్రం అనకండి. రెండు రోజులూ నా వైపు వీపు పెట్టి కూర్చున్నాడండి. కన్నెత్తి చూడలేదు. నా పిల్ల చెవిపోటుతో ఏడుస్తుంటే దూది వెచ్చజేసి ఇచ్చేడండి. అలాటి మనిషి కాదు."

ఆయన కలం ఆగిపోయింది. నన్నోసారి, గుమాస్తానోసారి చూశాడు. సైలాబ్ దూది వెచ్చగ జేసిందా అని మెల్లిగా అడిగాడు, నాకు వరదలో మతి గాని చలించిందేమోనని పాపం. అప్పుడు గుమాస్తా నాతో చెప్పాడు, అమ్మా, సైలాబంటే ఉర్దూలో వరద, అయ్యగారు అడిగేది వరద నీళ్ళ గురించి అని.

బడి ఎగిరిపోయేలా నవ్వారు. నవ్వు ముందొచ్చింది, అర్థం తర్వాతొచ్చింది. ఒక్కొక్కరి మొహంలో నవ్వు ఆరిపోవడం నేను చూశాను. నీళ్ళ గురించి అడిగితే ఈ పిల్ల ఎవరి గురించి చెప్పింది? అందరూ ఒకేసారి మా ఆయన వైపు తిరిగారు. భూమి బద్దలై నన్ను మింగేస్తే బాగుండుననే మాట అంతకు ముందు చాలామంది నోట విన్నాను. ఆ రోజు దాని అర్థం తెలిసింది.

ఇంటికొచ్చాక మొత్తం చెప్పాను. మా అత్తగారు, అందుకా దూది అటక మీద ఉంది అన్నారు. మర్నాడు మా ఆయన సైకిలేసుకుని రాజోలు అవతలికి వెళ్ళారు. సాయిబుకి నాలుగు మంచి మాటలు చెప్పి వస్తాను అన్నారు. నేను నిజంగా సంతోషించాను, పిచ్చిదాన్ని. సాయంత్రం వచ్చి, సైకిలు స్టాండు కూడా వెయ్యకుండా గోడకి ఆనించి, నా ముందు నిలబడ్డారు.

"వరదప్పుడు మన ఊరే రాలేదంటున్నాడు. వాళ్ళ ఊళ్ళోనే ఉన్నాడంట. మరి అటక మీద ఉన్నదెవరు?"

సాయిబు నాకిచ్చిన మాట నిలబెట్టుకున్నాడు. నేను తప్పిన మాట అతను తప్పలేదు, అంతే జరిగింది. అతనే అని ఒట్టేశాను. అప్పుడు మా అత్తగారు కంటికట్టు సర్దుకుంటూ అన్న మాట నా గుండెలో దిగింది. పాతికేళ్ళుగా మనింట్లో పరుపులు కుడుతున్నాడు, ఆ సాయిబు అబద్ధం ఎరగడే అన్నారు ఆవిడ. ఆవిడ మంచికే అన్నారో చెడ్డకే అన్నారో గాని, ఆ ఇంట్లో అబద్ధం ఎరిగినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను.

ఆయన మంచం వీధి అరుగు మీదికి మారింది. పిల్లని కూడా ఎత్తుకోవడం మానేశారు. ఆదివారం ప్రార్థనకి గుడికి వెళ్తే నా పక్కన చాప ఖాళీగా ఉండేది. నీళ్ళకి వెళ్తే మాటలు ఆగిపోయేవి. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే పుట్టింటికి పంపేస్తారని నాకు అర్థమైపోయింది. ఒక రోజు పిల్లని చంకనేసుకుని చెప్పులేసుకున్నాను. నేను సాయిబు దగ్గరికి వెళ్తున్నాను, మీరు వస్తే రండి, లేకపోతే మానండి అన్నాను మా ఆయనతో. ఆయన కదల్లేదు. మా అత్తగారే, వెళ్ళరా, నీ కళ్ళకేం కట్టు లేదుగా అన్నారు. రాజోలు దాకా ఒకే బస్సులో వెళ్ళాం, వేరు వేరు సీట్లలో.

సాయిబు ఒక కొబ్బరి వర్తకుడి దొడ్లో నిలువునా పాతిన గునపం దగ్గర నిలబడి కాయలు ఒలుస్తున్నాడు. పక్కన అతని భార్య ఒలిచిన డొక్కలు పోగు చేస్తోంది. మమ్మల్ని చూసి అతను గబగబా చేతులు తుడుచుకున్నాడు. నేను నోరు విప్పక ముందే, నేను రాలేదని మాస్టారికి చెప్పేను కదండీ అన్నాడు. నా వైపు చూడకుండా, నా కోసమే, ఎంతో గట్టిగా చెప్పాడు. మా ఆయన నన్ను చూశారు. ఇక అయిపోయిందనుకున్నాను. ఎండకి చికాకు పుట్టి చంకలో పిల్ల ఏడుపు లంకించుకుంది, చెవి పట్టుకుని లాక్కుంటూ.

సాయిబు చెయ్యి దానంతటదే ముందుకొచ్చింది.

"చెవిపోటు ఇంకా తగ్గలేదాండి?"

అన్నాక తెలిసింది అతనికి ఏమన్నాడో. చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. తల దించేసుకున్నాడు. మాట తప్పినవాడిలా, నన్ను క్షమించమన్నట్టుగా దించుకున్నాడు. అది చూసి నాకు ఏడుపొచ్చింది. బడి దగ్గర జరిగిందంతా అప్పుడు చెప్పాను. సైలాబంటే మీ భాషలో వరదట, నేను మీ పేరనుకున్నాను, మీకు ఇచ్చిన మాట అలా పోయింది అన్నాను.

"మా భాషేంటండీ?" అన్నాడు అతను. "మేం దూదేకులోళ్ళం. మా ఇంట్లో తెలుగే. ఆ మాట నేనూ ఇదే వినడం."

పాతికేళ్ళు మా అరుగు మీద కూర్చుని మాతో తెలుగులోనే మాట్లాడిన మనిషి. అతనికి ఇంట్లో వేరే భాష ఏదో ఉందని నాకు నేనే అనుకున్నాను, ఒక్కసారీ అడగలేదు. ఆ సిగ్గు ఒక పక్క. దూది పని మానేశారా అని మా ఆయన అడిగితే సాయిబు ఏదో నసిగాడు. అప్పుడు అతని భార్య, చేతిలో డొక్కలు కింద పడేసి అంది.

"విల్లు మీ ఇంట్లో కొట్టుకుపోయింది కదండీ. సాయం రాసేవోళ్ళు మా ఊరూ వచ్చేరు. ఏం పోయింది అనడిగితే ఏం పోలేదన్నాడు ఈయన. విల్లు పోయిందంటే ఎక్కడ పోయిందంటారు కదా మరి."

మేమిద్దరం అక్కడ నిలబడ్డాం. ఎదర చూడలేం, వెనక్కి తిరగలేం. మాకు వరద సాయం వచ్చింది. నీళ్ళు అటక దాకా వచ్చాయనీ, రెండు రోజులున్నాయనీ ఆఫీసరు నా నోట విన్నది విన్నట్టే రాసుకున్నాడు మరి. మా ఆయన రెండు చేతులూ జోడించి సాయిబుకి దణ్ణం పెట్టారు. ఆయన కళ్ళ నిండా నీళ్ళు. సాయిబు కంగారు పడి, దణ్ణం నాక్కాదండి మాస్టారూ అని నా వైపు చూశాడు. మా ఆయన నా వైపు తిరగలేదు. తిరుగు బస్సులో నా పక్కనే కూర్చున్నారు, పిల్లని ఒళ్ళోకి తీసుకున్నారు. అంతే. ఆ దణ్ణంలో నా వంతు ఇప్పటికీ బాకీ. నేను అడగలేదు, ఆయన ఇవ్వలేదు, అలాగే ముసలివాళ్ళమైపోయాం.

మా ఆయన వడ్రంగి చేత మంచి విల్లు చేయించి స్వయంగా మోసుకెళ్ళి ఇచ్చారు. సాయిబు తీసుకున్నాడు, మళ్ళీ దూది పనిలో పడ్డాడు. మా ఊరు మాత్రం రాలేదు. ఎన్నిసార్లు కబురు పెట్టినా, వస్తే మళ్ళీ ఆ మాట ఎత్తుతారండీ, వద్దండీ అనేవాడట. మా అత్తగారి తలగడ నేనే కుట్టాను. గట్టిగా ఉందని పోయేదాకా సణిగారు.

ఊరు మాత్రం ఆ మాటని మర్చిపోలేదు. సైలాబని ఉర్దూ మాట ఒకటి మా ఊళ్ళో ఉందంటే అది నా పుణ్యమే. ఏటా ఎర్రనీరు దిగగానే కుర్రకారు నన్ను ఆటపట్టిస్తారు, ఏం మామ్మగారూ, సైలాబు వచ్చిందా అని. చాలా ఏళ్ళు పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేసి ఊరుకున్నాను. అలా నవ్విన ప్రతిసారీ అతన్ని మళ్ళీ పెరటి దారినే పంపిస్తున్నానని తెలియడానికి నాకు ఇంత వయసొచ్చింది. మొన్న మా వీధి కుర్రాడొకడు అడిగాడు. వాడికి ఆ మాట ఎక్కడిదో కూడా తెలియదు పాపం.

"వచ్చేడు నాయనా," అన్నాను. "నా పిల్లని బతికించేడు. మన నోళ్ళకి జడిసి మళ్ళీ రాలేదు."